అమెరికా ఖండాల బానిసత్వం, కవిత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కవితల గురించి ఎక్కడ మాట్లాడినా కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటి దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది. కవితల భావాన్ని నా మాటల్లోనే చెప్పాను.

అమెరికా బానిసత్వం అంటే యునైటెడ్ స్టేట్స్ సంగతేనా?

కాదు. సినిమాల వల్ల, స్కూలు పాఠాల వల్ల మనకు ముందుగా లింకన్, పత్తి తోటలు గుర్తొస్తాయి. కానీ 1500ల మొదట్నుంచి 1860ల దాకా ఆఫ్రికా తీరంలో ఓడ ఎక్కించిన సుమారు 1.25 కోట్ల మందిలో, ఇప్పటి యునైటెడ్ స్టేట్స్ నేల మీద నేరుగా దించింది నాలుగు లక్షల లోపే. ఒక్క బ్రెజిల్‌కే దాదాపు 48 లక్షల మందిని చేర్చారు. మిగతావాళ్లలో ఎక్కువమంది జమైకా, హైతీ, క్యూబా, బార్బడోస్ లాంటి చోట్ల చెరకు తోటల పాలయ్యారు. సుమారు 18 లక్షల మంది సముద్రం మీదే చనిపోయారు.

రద్దు కూడా అంతటా ఒకేసారి జరగలేదు. హైతీలో బానిసలే 1791లో తిరగబడి, 1804లో సొంత దేశాన్ని నిలబెట్టుకున్నారు. బ్రిటిష్ వలసల్లో 1834లో, యునైటెడ్ స్టేట్స్‌లో 1865లో, క్యూబాలో 1886లో, అన్నిటికంటే ఆలస్యంగా బ్రెజిల్‌లో 1888లో రద్దయింది. అందుకే ఈ కవిత్వం ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్, పోర్చుగీస్, ఫ్రెంచ్ భాషల్లోనూ ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్నదే చదివి ఊరుకుంటే కథలో సగం కూడా తెలియదు.

చదువు నేర్పడమే నేరమైన చోట బానిసలు కవిత్వం ఎలా రాశారు?

దొంగతనంగా, అరువు తెచ్చుకుని, కొన్నిసార్లు మనసులోనే. సౌత్ కరోలినాలో 1740 నాటి చట్టం బానిసకు రాయడం నేర్పితే జరిమానా వేసింది. నార్త్ కరోలినా 1830లో చదవడం, రాయడం రెండూ నేర్పకూడదంది.

క్యూబాలో 1797లో పుట్టిన హువాన్ ఫ్రాన్సిస్కో మంజానో కథ చూడండి. చిన్నప్పుడే నోటికి పద్యాలు కట్టేవాడు. అవి ఎవరికీ వినిపించకూడదని ఇంట్లో ఆంక్ష. రాయడం ఎలా నేర్చుకున్నాడంటే, యజమాని నలిపి పారేసిన కాగితాలు ఏరుకుని, ముడతలు సాఫు చేసి, ఆ అక్షరాల మీదే మళ్లీ మళ్లీ దిద్దాడు. మనం పలక మీద ఓనమాలు దిద్దినట్టే. తేడా ఏంటంటే, మనకు దిద్దించే చెయ్యి పక్కనే ఉండేది, అతనికి దొరికింది చెత్తలోని కాగితం. ఒకసారి తోటలో పరధ్యానంగా ఒక జెరేనియం ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపినందుకు అతన్ని ఎంత దారుణంగా శిక్షించారో తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆకు వాసన గురించి చదువుతుంటామో లేదో, మరుక్షణం చీకటి గదిలో ఉంటాం.

ముప్పై ఏళ్ల తన బతుకును వెనక్కి తిరిగి చూసుకుంటూ అతను రాసిన సానెట్‌ను, అంటే పద్నాలుగు పాదాల కవితను, 1836లో హవానా సాహిత్యకారుల మధ్య చదివాడు. విన్నవాళ్లు చందాలు పోగుచేసి అతన్ని కొని విడిపించారు. కవిత చదివి స్వేచ్ఛ సంపాదించుకోవడం గొప్పగానే అనిపిస్తుంది. అయితే 1844లో బానిసల తిరుగుబాటు కుట్ర కేసు పేరుతో అతన్ని జైల్లో పెట్టారు. అదే కేసులో ప్లాసిదో అనే మరో కవిని కాల్చి చంపారు. ఆ తర్వాత మంజానో కవిత్వం రాయడం మానేశాడు.

నార్త్ కరోలినాలో జార్జ్ మోజెస్ హోర్టన్‌ది ఇంకో దారి. పొలం పని చేసుకుంటూ తలలోనే పద్యాలు అల్లుకునేవాడు. ఆదివారాలు పళ్లు అమ్ముకోవడానికి చాపెల్ హిల్ యూనివర్సిటీకి నడిచి వెళ్లేవాడు. అక్కడి కుర్రాళ్లు తమ ప్రియురాళ్లకు పంపడానికి ప్రేమ పద్యాలు చెప్పించుకుని 25 నుంచి 75 సెంట్ల దాకా ఇచ్చేవాళ్లు. పాదాల మొదటి అక్షరాలు కలిపితే అమ్మాయి పేరు వచ్చేలా కట్టమని అడిగేవాళ్లు. హోర్టన్ చెప్తుంటే వాళ్లు రాసుకునేవాళ్లు, ఎందుకంటే అప్పటికి అతనికి రాయడం రాదు. తన రోజును తానే వాడుకోవడానికి ఆ డబ్బులోంచే యజమానికి రోజుకు ఇంత అని కట్టాలి.

1829లో అతని పుస్తకం అచ్చయింది. అది అమ్మితే వచ్చే డబ్బుతో స్వేచ్ఛ కొనుక్కోవచ్చని ఆశ. ‘స్వేచ్ఛ మీద ఆశ’ అని పుస్తకం పేరులోనే అది ఉంది. సరిపడా డబ్బు రాలేదు. 1865లో అమెరికా అంతర్యుద్ధం చివర ఉత్తరాది సైన్యం వచ్చేదాకా, అంటే మరో 36 ఏళ్లు, బానిసగానే ఉన్నాడు. యజమాని చనిపోయాక ఆస్తి పంచుకునేటప్పుడు పశువులతో పాటు మనుషులనూ పంచడం మీద అతనికో కవిత ఉంది. నా పేరు ఏ వాటాలోకి వెళ్తుందో అని నిలబడి ఎదురుచూసే మనిషి టెన్షన్ ఆ పాదాల్లో తెలుస్తుంది. బయటివాళ్లు రాసిన వంద కవితల్లో నాకది దొరకలేదు.

తనను ఆఫ్రికా నుంచి తీసుకురావడం దేవుడి దయ అని ఫిలిస్ వీట్లీ రాసిందట. నిజమేనా?

నిజమే. ఆ ఎనిమిది పాదాల కవిత అలాగే మొదలవుతుంది. చాలామంది అక్కడితో ఆగి, పుస్తకం మూసి, ఆమె మీద తీర్పు చెప్పేస్తారు. ఆ తొందర నాకు బాధ కలిగిస్తుంది.

ముందు ఆమె ఎవరో చూడాలి. 1761లో బోస్టన్ రేవులో ఓడ దిగేటప్పటికి ముందుపళ్లు ఊడి ఉన్న చిన్నపిల్ల. దాన్ని బట్టే ఏడెనిమిదేళ్లు ఉంటాయని అంచనా వేశారు. తెచ్చిన ఓడ పేరు ఫిలిస్. ఆ పేరే పిల్లకు పెట్టారు, కొన్నవాళ్ల ఇంటిపేరు తగిలించారు. అమ్మానాన్న పెట్టిన పేరు ఏంటో మనకు దక్కలేదు. సంవత్సరంన్నర తిరక్కుండానే ఆమె ఇంగ్లిష్ బైబిల్ చదివింది. 1773లో లండన్‌లో పుస్తకం వేసేనాటికి ఆమెకు ఇంచుమించు ఇరవై ఏళ్లు. ఒక నల్లపిల్ల ఇవి రాసిందంటే ఎవరూ నమ్మరని, గవర్నర్‌తో సహా బోస్టన్‌లోని 18 మంది పెద్దమనుషుల సంతకాలతో ఒక ధ్రువీకరణ పత్రాన్ని పుస్తకం ముందు అచ్చు వేశారు. ఆ సంతకాలు పెట్టినవాళ్లలో కొందరు స్వయంగా బానిసల యజమానులు.

ఇప్పుడు ఆ ఎనిమిది పాదాల చివరికి రండి. క్రైస్తవులారా, గుర్తుపెట్టుకోండి, నల్లవాళ్లూ దేవదూతల వరుసలో నిలబడగలరు అంటుంది. యజమానుల ఇంట్లో ఉంటూ, వాళ్ల మతం మాటలతోనే వాళ్లకు పాఠం చెబుతోంది. ఈ కవిత రాసేనాటికి ఆమెకు పద్నాలుగు, పదిహేనేళ్లు ఉంటాయి.

తర్వాత బ్రిటన్‌లో వలసల మంత్రి అయిన డార్ట్‌మత్ ప్రభువుకు రాసిన కవిత చదవండి. స్వేచ్ఛ మీద నాకింత ప్రేమ ఎక్కడిదని అడుగుతారేమో అంటూ మొదలుపెట్టి, నన్ను ఎత్తుకుపోయినప్పుడు మా నాన్న గుండె ఎంత కొట్టుకుందో అంటుంది. తన దుఃఖం గురించి చెప్పుకోలేదు, తండ్రి దుఃఖాన్ని ఊహించింది. ఈ రెండు కవితలూ పక్కపక్కన పెట్టి చదివితే మొదటి కవిత మీద మన తీర్పు కొంచెం తడబడుతుంది, తడబడాలి కూడా. పుస్తకం వచ్చాక ఆమెకు విముక్తి దొరికింది. కానీ రెండో పుస్తకానికి చందాదారులు దొరకలేదు, ఆ రాతప్రతి కనిపించకుండా పోయింది. 1784లో పేదరికంలో చనిపోయింది, అప్పటికి దాదాపు 31 ఏళ్లు. ఆమె రాసింది అసలు విమర్శకే తగదని, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ కొట్టిపారేశాడు. వందల మంది బానిసలకు యజమాని అయిన మనిషి ఆ మాట అన్నాడని గుర్తుంచుకుని చదవాలి.

అమెరికా నల్లజాతి కవుల్లో వీట్లీయేనా మొదటిది?

ఇంగ్లిష్‌లో కవితల పుస్తకం వేసినవాళ్లలో మొదటిది. విడి కవిత అచ్చయినవాళ్లలో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌కు చెందిన జూపిటర్ హ్యామన్ ముందున్నాడు. అతని కవిత మీద 1760 క్రిస్మస్ తేదీ ఉంది. 1746లో లూసీ టెర్రీ కట్టిన పాట ఒకటి వందేళ్లకు పైగా జనం నోళ్లలోనే బతికి 1850ల్లో అచ్చుకెక్కింది.

అక్షరం రాని లక్షల మంది గొంతు ఎక్కడ వినాలి?

పాటల్లో. తోటల్లో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. మన ఊళ్లలో నాట్లు వేసేటప్పుడు ఒకామె పాట ఎత్తితే వెనక వరుస అందుకున్నట్టు. బైబిల్లో ఈజిప్టు చెర నుంచి తన జనాన్ని విడిపించిన మోషే కథను వాళ్లు తమ కథగానే పాడుకున్నారు. ఫరో ఎవరో పాడేవాళ్లకు తెలుసు, విన్న యజమానికి మాత్రం అది భక్తి పాట. ఆ పాటల తొలి పెద్ద సంకలనం 1867లో వచ్చింది. 1871 నుంచి ఫిస్క్ యూనివర్సిటీ గాయకులు వాటిని ఊరూరా పాడి లోకానికి వినిపించారు. వాళ్లలో చాలామంది పుట్టుకతో బానిసలే.

బానిసలు పాడుతున్నారు కాబట్టి సంతోషంగా ఉన్నారని ఉత్తరాదిలో చాలామంది అనుకున్నారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన ఆత్మకథలో ఆ మాటను గట్టిగా తిప్పికొట్టాడు. బానిస ఎక్కువగా పాడేది దుఃఖం ఎక్కువైనప్పుడేనని, కన్నీళ్లు గుండెను తేలికపరిచినట్టు ఆ పాటలు తేలికపరిచేవని రాశాడు. తాను బానిసగా ఉన్నప్పుడు ఆ పాటల లోతు తనకే అర్థం కాలేదని కూడా ఒప్పుకున్నాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఫలానా పాటలో పారిపోయే దారి రహస్యంగా దాచారు అనే కథలు చాలా తిరుగుతుంటాయి. సొరకాయ బుర్ర ఆకారంలోని నక్షత్రాలను అనుసరించమనే పాట వాటిలో బాగా పేరున్నది. అది మొదట అచ్చయింది 1928లో. బానిసత్వ కాలంలో దాన్ని అలా వాడారనడానికి గట్టి ఆధారం లేదు. ఆ కథలు అందంగా ఉంటాయి, కానీ నిజంగా జరిగింది వాటికన్నా బరువైంది.

ఓడ ప్రయాణం మీద వచ్చిన కవితల్లో తప్పక చదవాల్సినవి ఏవి?

నా లెక్కలో మూడు.

మొదటిది బ్రెజిల్ కవి కాస్త్రో ఆల్వెస్ 1868లో రాసిన బానిసల ఓడ కవిత. అప్పటికి అతనికి 21 ఏళ్లు. వెన్నెల, సముద్రం, నావికుల పాటలు, అంతా అందమే. దూరంగా వెళ్తున్న ఓడను దగ్గరగా చూడాలని ఆల్బట్రాస్ పక్షిని రెక్కలు అడుగుతాడు. కిందికి దిగి చూస్తే డెక్ మీద రక్తం. కొరడా దెబ్బలకు నలుగుతూ గొలుసులతో తల్లులు, పిల్లలు నాట్యమాడుతున్నారు, కెప్టెన్ ఇంకా ఆడించమంటున్నాడు. ఆ ఓడ మీద ఎగిరే జెండా ఎవరిదని చూస్తే, తన దేశానిదే. అంత అందంగా మొదలుపెట్టింది ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. చివర్లో కొలంబస్‌ను పిలిచి, నీ సముద్రాల తలుపు మూసెయ్ అని అరుస్తాడు. బ్రెజిల్‌కు బానిసలను తేవడం 1850లోనే ఆపేశారు. కానీ ఉన్నవాళ్లు ఇంకా గొలుసుల్లోనే ఉన్నారు, అతని కోపం దాని మీద. 24 ఏళ్లకే క్షయతో పోయాడు, రద్దు రోజును చూడలేదు.

రెండోది అమెరికా నల్లజాతి కవి రాబర్ట్ హేడెన్ కవిత, మొదట 1945లో వచ్చింది. ఆఫ్రికా నుంచి అమెరికాకు సాగిన ఆ ప్రయాణాన్ని చరిత్రలో మిడిల్ ప్యాసేజ్ అంటారు, కవిత పేరూ అదే. ఇందులో ఎక్కువగా మాట్లాడేది బానిసలు కాదు, ఓడవాళ్లే. ఓడ దినచర్య రాసే లాగ్ పుస్తకం, కోర్టు వాంగ్మూలం, మధ్యలో ఒక కీర్తన. ఓడల పేర్లు యేసు, ఆశ, కరుణ. వాటి కింద మనుషులు ఎలా పడి ఉన్నారో ఊహించుకోవాలంటే 1788లో అచ్చయిన, బ్రూక్స్ అనే బానిసల ఓడ పటం చూడండి. ఒక్కో మగమనిషికి ఆరడుగుల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు. మీ మంచం మీద పదహారు అంగుళాలు కొలిచి చూడండి. రెండు జానలు కూడా రావు.

మూడోది నూర్బెసె ఫిలిప్ 2008లో తెచ్చిన జోంగ్ పుస్తకం. దీనికి కొంచెం వెనక కథ కావాలి. 1781లో జోంగ్ అనే ఓడ జమైకాకు వెళ్తూ దారి తప్పింది. నీళ్లు చాలవనే సాకుతో 130 మందికి పైగా ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. జబ్బు చేసి చనిపోతే ఇన్సూరెన్స్ రాదు, మిగతా సరుకును కాపాడడానికి పారేస్తే వస్తుంది. ఓడ యజమానులు తలకు 30 పౌండ్ల లెక్కన కోర్టుకెళ్లి అడిగారు. హత్య కేసు కాదు, ఇన్సూరెన్స్ కేసు. మొదట జ్యూరీ యజమానుల వైపే తీర్పిచ్చింది, 1783లో పైకోర్టు మళ్లీ విచారించమంది. ఆ కేసు మీద ఒక చిన్న కోర్టు రిపోర్టు మిగిలింది. ఫిలిప్ స్వయంగా లాయరుగా పనిచేసింది. ఆ రిపోర్టులోని మాటలతోనే కవితలు అల్లాలని నియమం పెట్టుకుంది. మాటలను విరిచింది, అక్షరాలను పేజీ మీద నీళ్లలో తేలుతున్నట్టు చెల్లాచెదురు చేసింది. పుస్తకం మొదటి భాగంలో పేజీ అడుగున, నీటి కింద ఉన్నట్టుగా, కొన్ని ఆఫ్రికన్ పేర్లు ఉంటాయి. రిపోర్టులో ఒక్క పేరూ లేదు, అవి ఆమె ఇచ్చినవి. ఈ పుస్తకాన్ని చదవడం కష్టం. అర్థం కాలేదని పక్కన పెట్టకుండా పైకి చదవండి, మీ గొంతు తడబడే చోటే కవిత ఉంది.

తెల్లవాళ్లు రాసిన కవితలను లెక్కలోకి తీసుకోవాలా?

తీసుకోవాలి, కానీ వాటితో మొదలుపెట్టకూడదు. అమెరికా కవి లాంగ్‌ఫెలో 1842లో దీని మీద చిన్న పుస్తకమే వేశాడు. అందులో ఒక కవితలో బానిస కలలు కంటూ హాయిగా చనిపోతాడు, చదివేవాడికి జాలి కలుగుతుంది, అంతటితో సరి. ఇంగ్లండ్ కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ 1840ల్లో రాసిన కవిత అలా వదిలిపెట్టదు. అందులో పారిపోయిన బానిస స్త్రీ, తన ఒళ్లోని బిడ్డ ముఖంలో యజమాని తెల్లముఖాన్ని చూడలేక ఆ బిడ్డనే చంపేస్తుంది. కవయిత్రి కుటుంబం ఆస్తి జమైకా చెరకు తోటల్లోంచి వచ్చింది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

నాకు నచ్చేది అమెరికా కవి వాల్ట్ విట్మన్ 1855లో రాసిన కొన్ని పాదాలు. ఇంటి బయట కట్టెల మోపు దగ్గర పుల్లలు చిటపటమన్నాయి. చూస్తే పారిపోయి వచ్చిన మనిషి, నిలబడలేక ఉన్నాడు. లోపలికి తీసుకొచ్చి, తొట్టిలో నీళ్లు నింపి, ఉతికిన బట్టలిచ్చి, మెడ మీద, చీలమండల మీద పుండ్లకు మందు కట్టి, వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడు. మూలన తుపాకీ ఆనించి ఉంది. 1850 చట్టం ప్రకారం ఇలాంటి సాయానికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఆ పాదాల్లో ఉపన్యాసం లేదు, జాలి మాటలు లేవు.

ఆడవాళ్లు ఏం రాశారు?

ఫ్రాన్సెస్ హార్పర్ 1825లో బాల్టిమోర్‌లో, బానిస కాని నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది, కవితలు చదివింది. బిడ్డను లాక్కుపోతుంటే తల్లి పెట్టే కేకతో మొదలయ్యే కవిత అప్పట్లో సభల్లో ఏడిపించేది. 1872లో చదువు మీద రాసిన కవిత నాకు ఇంకా ఇష్టం. అందులో కాల్డ్‌వెల్ మామ తన పుస్తకం పేజీలకు కుండలో మాంసం ఉడికిన కొవ్వు పూసి, టోపీలో దాచుకుంటాడు. యజమాని టోపీ తీసి చూసినా జిడ్డు కాగితాలే అనుకుంటాడు కానీ, అది పుస్తకమని ఎవరికి తడుతుంది? కథ చెప్పే ముసలామె అరవైకి దగ్గరపడ్డాక కళ్లజోడు కొనుక్కుని చదువు నేర్చుకుంటుంది. ఇక నీకు రాదులే అన్నవాళ్ల మాట వినదు.

మన ప్రాంతానికి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అది గర్వపడేది కాదు. మన తూర్పు తీరమైన కోరమాండల్‌లో నేసి, నీలిమందు అద్దిన నూలు గుడ్డలు యూరప్ కంపెనీల ఓడలెక్కి పశ్చిమాఫ్రికా చేరేవి. అక్కడ మనుషులను కొనడానికి ఇచ్చిన సరుకుల్లో ఆ గుడ్డ ముఖ్యమైంది. గినీ గుడ్డ అనే పేరు అలా వచ్చింది. నేసిన చేతులకు ఆ సంగతి తెలిసే వీలు లేదు.

రెండోది, బ్రిటిష్ వలసల్లో బానిసత్వం పోయాక తోటల పనికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకెళ్లారు. 1838లో తొలి ఓడలు కలకత్తా నుంచి గయానా చేరాయి. తర్వాత మద్రాసు రేవు నుంచి కరీబియన్‌కు, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కూలి ఒప్పందానికి గడువు ఉంది, బానిసత్వానికి లేదు. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడడం ఇద్దరికీ అన్యాయమే.

మూడోది మహారాష్ట్రలో. జోతిరావు ఫూలే 1873లో కుల వ్యవస్థ మీద రాసిన తన పుస్తకానికి గులాంగిరీ, అంటే బానిసత్వం, అని పేరు పెట్టి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు.

తెలుగులోకి అనువదించేటప్పుడు ఎక్కడ ఇబ్బంది వస్తుంది?

మొదట బానిస అనే మాట దగ్గరే. అది పుట్టుకతో వచ్చిన గుణంలా వినిపిస్తుంది. వీలైన చోట బానిసగా మార్చబడ్డ మనిషి అని రాస్తే, చేసినవాడు ఒకడున్నాడని గుర్తుంటుంది. తోట మనుషుల యాసను మన పల్లె యాసలోకి మార్చేస్తే చదివేవాళ్లకు హాస్యం తోస్తుంది, అది పెద్ద ప్రమాదం.

అమెరికా నల్లజాతి కవయిత్రి లూసిల్ క్లిఫ్టన్ కవిత ఒకదాని దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. 1989లో ఆమె సౌత్ కరోలినాలో ఒక పాత తోటను చూడటానికి వెళ్లింది. గైడ్ అన్నీ చూపించాడు, బానిసల ఊసే ఎత్తలేదు. ఆమె అడిగితే, ఆస్తుల జాబితాలో పదిమంది ఉన్నారని, లెక్కేసింది మగవాళ్లనేనని తేలింది. పాత పనిముట్లు మీ వేలిముద్రలతో మెరుస్తున్నాయి, మీ పేర్లు చెప్పండి అని ఆమె ఆ నేలలో ఉన్నవాళ్లను అడుగుతుంది. చివర్లో సమాధి రాళ్ల మీద ఉండే ‘ఇక్కడ నిద్రిస్తున్నారు’ అనే మాటను పట్టుకుని, ఇక్కడ, ఇక్కడ అంటూ వెళ్తుంది. ఇంగ్లిష్‌లో ‘ఇక్కడ’కూ ‘విను’కూ పలుకు ఒకటే. చెవికి ఏ తేడా తెలియకుండానే, కాగితం మీద ఆ మాట ‘విను’ అయిపోతుంది. తెలుగులో ఆ రెండు మాటలనూ ఒకే పలుకులో ఎలా పట్టుకోవాలో నాకింకా దొరకలేదు. ప్రస్తుతానికి ‘ఇక్కడ’ అని మూడుసార్లు రాసి, కింద వరుసలో ‘విను’ అని ఒక్కటే పెట్టి, ఆ పేజీ మిగతాదంతా ఖాళీగా వదిలాను.